తోడల్లుళ్ళు కనిపించని పేజీ

మా కాలనీలో ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే, ఊళ్ళోవాళ్ళ సైట్లకు మేకప్ కడిగి చూస్తుంటానని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. మేడ్చల్ అవతల కొత్తగా వెలసిన కాలనీ మాది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇళ్ళు కొనుక్కున్న ఉద్యోగస్థులే ఎక్కువ, మేమూ అందులోవాళ్ళమే. సాయంత్రం నడకలో ఎదురైన ఆడవాళ్ళు "మీరు ఇంట్లోనే ఉంటారుగా, ఖాళీయే కదండీ" అంటారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు "ఖాళీయేనండీ, మీ వారి కంపెనీకి సైటేమైనా ఉందా, ఒకసారి చూసిపెడతాను" అంటున్నాను. ఆ తర్వాత వాళ్ళే మాట మార్చేస్తారు.

నా పని సంగతి ఇది. ఫోనులో మనం ఏదైనా అడగగానే వెతికి తెచ్చి ముందు పెట్టే యంత్రం ఉంది కదా, అది సైటును మనలాగా చూడదు. రంగులు, మెరుపులు, పక్కకు జారిపోయే బొమ్మలు దానికి పట్టవు. దానికి మాటలు కావాలి. దానికి ఏం కనిపిస్తుందో మనకూ చూపించే పనిముట్లు కొన్ని ఉన్నాయి. సైటు చిరునామా అందులో వేసి మీట నొక్కితే అలంకారమంతా పోయి, తెల్లటి తెర మీద మిగిలిన మాటలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. బొమ్మ ఉన్న చోట, ఆ బొమ్మ ఫైలుకు లోపల ఎవరో పెట్టిన పేరు పడుతుంది. ఆ పనిముట్టుకు నేను 'చెంబునీళ్ళు' అని పేరు పెట్టుకున్నాను. ముఖాన కొడితే పౌడరు పోతుంది.

పని లేనప్పుడు ఊళ్ళోవాళ్ళ సైట్ల మీద ఊరికే ఓ చెంబు పోసి చూడటం నాకున్న చెడ్డ అలవాటు. శామీర్‌పేట వైపు విల్లాలు అమ్మే ఒకాయన, 'మీ బాల్కనీలోంచి చెరువు' అని నీలంగా మెరిసే నీళ్ళ బొమ్మ పెట్టాడు. చెంబునీళ్ళు పోస్తే ఆ బొమ్మ అసలు పేరు 'స్విట్జర్లాండ్ నాలుగు' అని బయటపడింది. ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను. మా ఆయనకు చెబితే "పాపం, ఆయన కడుపు కొట్టకు" అన్నాడు. నేనేం కొట్టాను, చూశానంతే.

ఈ చూడటమే ఒకసారి రెండు కాపురాల మీదికి వచ్చింది.

మేడ్చల్ మార్కెట్ దగ్గర టెంట్ హౌస్ నడిపే ఇద్దరు మగవాళ్ళు ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ తోడల్లుళ్ళు, అంటే సొంత అక్కాచెల్లెళ్ళ మొగుళ్ళు. షామియానాలు, కుర్చీలు, సామాను వీళ్ళు చూస్తారు. శుభకార్యాలకు వంట ఆ అక్కాచెల్లెళ్ళు చేస్తారు, శామీర్‌పేట పోయే దారిలో రేకుల షెడ్డులో. ఇన్నాళ్ళూ ఒకరు తిని ఇంకొకరికి చెప్పడంతోనే ఆర్డర్లు వచ్చేవి. ఇప్పుడు చుట్టూ కొత్త కాలనీలు వచ్చాయి. మాలాంటివాళ్ళకు ఊళ్ళో ఎవరూ తెలియదు, గృహప్రవేశం అనగానే ఫోను తీసి వెతుకుతాం. వెతికితే వీళ్ళు రావడం లేదు. శ్రావణం దగ్గర పడుతోంది, ఫోను మోగడం లేదు.

"సైటైతె మస్తుగుంటది మేడం," అన్నాడు పెద్దాయన, ఫోను నా ముందు పెట్టి. "మా ఫ్లెక్సీలు ఏసే పోరడే జేసిండు. గాని కనవడ్తలేదు."

చూశాను. అది సైటు కాదు, ఫ్లెక్సీ. ఇక్కడ పుట్టినరోజుకీ, బోనాలకీ, కొత్త షాపుకీ కూడళ్ళలో కడతారే, అచ్చం అదే. ఎడమవైపు పెద్దాయన, కుడివైపు చిన్నాయన, ఇద్దరూ నల్లకళ్ళద్దాలతో దండం పెడుతున్నారు. చుట్టూ గుండ్రంగా బామ్మర్దులు, మేనల్లుళ్ళు, మేనమామలు, ఇంకా పళ్ళు రాని ఒక బుడ్డోడు. ఎవరి ముఖమైనా వదిలేస్తే వాళ్ళు అలిగి భోజనానికి రారు కాబట్టి ఫ్లెక్సీకి ఎంతమంది పడితే అంతమందిని ఎక్కిస్తారు. మధ్యలో బగారా అన్నం గంగాళం. వంటకాల పేర్లు, ఊరి పేర్లు, ఫోను నంబరు, అన్నీ ఆ బొమ్మలోనే. మొత్తం సైటు ఒకే ఒక్క బొమ్మ. వంట చేసే అక్కాచెల్లెళ్ళు మాత్రం అందులో ఎక్కడా లేరు.

"ఇది మనుషులకు కనిపిస్తుందండీ, యంత్రానికి కనిపించదు," అన్నాను. "వెతికే యంత్రం తన తరఫున ఒక సాలెపురుగును పంపిస్తుంది. ఆ పురుగు మీ పేజీ మొత్తం పాకి..."

"పురుగా!" పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు. "మేడం, గా మాట బయట అనకున్రి. వంటల్ల పురుగొచ్చిందంటె ఇగ ఎవ్వడు పిలుస్తడు మమ్ముల?"

నవ్వు ఆపుకుని, ఆ రోజు నుంచి పురుగు అనడం మానేశాను. నా లాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పి చెంబునీళ్ళు పోశాను.

తెర మొత్తం తెల్లబడిపోయింది. ఇద్దరు పెద్దమనుషులు, పద్దెనిమిది రకాల వంటలు, చుట్టాలు, బుడ్డోడు, అందరూ మాయం. పైన ఒక మూల ఒకే ఒక్క వరుస మిగిలింది. ఫ్లెక్సీ కుర్రాడు ఆ బొమ్మకు పెట్టుకున్న పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: 'ఫైనల్ ఫైనల్ అన్నది జర పెద్దగ.'

చిన్నాయన ముందుకు వంగి కూడబలుక్కుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"అన్నది జర పెద్దగ? ఏంది పెద్దగ?"

పెద్దాయన మా ఇంటి ఫ్యాను వైపు చూస్తున్నాడు. అది ఏ కంపెనీదో తెలుసుకోవాలని అంత ఆత్రంగా చూసినవాళ్ళను నేను ఇంకెవరినీ చూడలేదు.

చిన్నాయన నా టేబుల్ మీది స్కేలు తీసుకుని ఫోను తెర మీద రెండు ఫోటోలూ కొలిచాడు. ఎడమవైపు అన్న ఫోటో కుడివైపు దాని కంటే గోరంత పెద్దగా ఉంది.

"గంతే గద తమ్మి, గోరంత," అన్నాడు పెద్దాయన.

"గోరంతైతె ఎందుకు జెయ్యమన్నవ్ మల్ల? సాటుకు బోయి జెప్పి జేపిచ్చినవ్ గదా!"

నేను మధ్యలో దూరి, ఆ ఫ్లెక్సీని పక్కన పెట్టి, సైటును మాటలతో కొత్తగా రాస్తానని, ఇద్దరి ఫోటోలూ సమానంగా పెడతానని చెప్పి పంపించాను. గొడవ అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. తెలివిగలదాన్ని కదా.

రాశాను. 'మా యజమానులు' అని పెట్టి ఇద్దరి పేర్లూ, ఫోటోలూ పక్కపక్కన, ఎత్తూ వెడల్పూ ఒకటే. చూపిస్తే ఇద్దరూ సంతోషించారు. అప్పుడు చిన్నాయన, "గా తెల్లదాంట్ల గూడ సూపియ్యున్రి మేడం, గండ్ల నిజం దెలుస్తది" అన్నాడు. మీట నొక్కాను. తెల్లటి తెర మీద పక్కపక్కన అనేదే లేదు. ఉన్నదల్లా పైన, కింద. పైన పెద్దాయన పేరు పడింది. కింద చిన్నాయన పేరు పడింది.

"సూసిన్రా? నన్ను కిందేసిన్రు!"

పేర్లు తారుమారు చేశాను. పెద్దాయన లేచి వెళ్ళి బండి మీద కూర్చున్నాడు. ఒకే వరుసలో రాశాను. వరుసకు కూడా మొదలు ఉంటుంది. పేర్లు తీసేసి 'తోడల్లుళ్ళ టెంట్ హౌస్' అని పెడదామన్నాను. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక్కటయ్యారు. "మామ పేరు జెప్పుకోని బతుకుతున్నట్టుంటది, వద్దు," అన్నారు.

ఫ్లెక్సీ మీద గుండ్రంగా నిలబడితే ఎవరు ముందో ఎవరికీ తెలియదు. అందుకేనేమో మనవాళ్ళకు ఫ్లెక్సీలంటే అంత ఇష్టం. చెంబునీళ్ళు పోశాక ఎవరో ఒకరు పైన ఉండి తీరాలి. నా పనిముట్టుకు మొహమాటం లేదు, నాకు మాత్రం తలనొప్పి వచ్చింది. చివరికి చిన్నాయన ఫోన్ చేసి, బస్ డిపో దగ్గర ఒక షట్టర్ చూశానని, శ్రావణం కాగానే వేరు పడతానని, తన సైటు తనకు విడిగా కావాలని చెప్పాడు.

"వంటో?" అన్నాను.

"వంట గూడ వేరేనే. మా ఇంటామె మాకు వండుతది, వాల్ల ఇంటామె వాల్లకు వండుతది."

మర్నాడు ఆ చిన్నాయన ఇంటామె నాకు ఫోన్ చేసింది. చెల్లెలు. అంతకుముందు ఆమె గొంతు నేను వినలేదు.

"మేడమూ, నువ్వే గదా సైట్ జేసేది? మా ఆయినకు వేరే సైట్ జెయ్యకు. ఏదో ఒకటి జెప్పి ఆపు."

"నేను ఆపితే ఆగుతారా అమ్మా? ఇంకొకళ్ళతో చేయించుకుంటారు."

వెనక గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "మా అక్కకు వాసన తెల్వది. నిరుడు జరమొచ్చి తగ్గిన కాన్నుంచి ముక్కు పని జేస్తలేదు. ఉల్లిగడ్డ మాడినా తెల్వది, మసాల అడుగంటినా తెల్వది. నేను పక్క పొయ్యి కాడుండి సల్లగ 'అక్కా' అంట, ఆమె మంట తగ్గిస్తది. ఎవ్వరికి తెల్వది. మా బావకు గూడ జెప్పలే. వేరు పడితె ఆమె వంట బందే. వంట లేకపోతె మా అక్క ఏమైతదో నాకు తెలుసు."

ఆ ఫోన్ పెట్టేశాక నాకు నిజంగా భయం వేసింది. అప్పటిదాకా నాకది తమాషా. రెండు ఫోటోల కొలతలు, ఇద్దరు మగవాళ్ళ అలకలు, సాయంత్రం మా ఆయనకు చెప్పి నవ్వుకోవడానికి ఒక కథ. ఆ అలకల కింద ఒక మనిషి జీవనం ఉందని ఇప్పుడే తెలిసింది. ఇద్దరు మొగుళ్ళ మీదా మండిపడ్డాను. మనసులోనే, ఎందుకంటే మండిపడటం వల్ల సైటు తయారవదు.

మర్నాడు ఆటో ఎక్కి షెడ్డుకు వెళ్ళాను. సైటులో వంటల గురించి రాయాలి, వండేవాళ్ళనే అడగాలి కదా అని ఇద్దరు మగవాళ్ళకూ ముందే చెప్పాను. అది అబద్ధమూ కాదు.

షెడ్డులో ఎవరిదో పుట్టువెంట్రుకల భోజనం తయారవుతోంది. అక్క యాభై దాటిన మనిషి, బొద్దుగా, కొంగు నడుముకు బిగించి గంగాళం ముందు నిలబడి ఉంది. చెల్లెలు సన్నగా, చలాకీగా పక్క పొయ్యి దగ్గర వంకాయలు వేయిస్తోంది. అక్క ఉల్లిగడ్డలను గరిటెతో తిప్పుతూ రంగు చూస్తోంది, చెవి కాస్త వంచి చిటపటలు వింటోంది. నాకు సంగతి తెలుసు కాబట్టి చూశాను గాని, తెలియకపోతే ఆమె పక్కనే ఏడాది నిలబడినా కనిపెట్టేదాన్ని కాదు. ఒకసారి చెల్లెలు తల తిప్పకుండానే "అక్కా" అంది. అక్క కూడా తల తిప్పకుండానే మంట తగ్గించింది. నా ముక్కుకు ఆ మాడు వాసన ఆ తర్వాత తగిలింది.

"యజమానుల గురించి తర్వాత చూద్దాం. ముందు మీ గురించి రాస్తాను. మీరెట్లా వండుతారో చెప్పండి," అన్నాను.

"మా గురించా? మా గురించి ఏముంటది రాయనీకె?" అంది అక్క. కాని చెల్లెలు అప్పటికే మొదలుపెట్టింది. "రాయి మేడం. పొయ్యి మీద అక్క కన్ను, చెల్లె ముక్కు. గట్ల రాయి."

అక్క ఆమె వైపు చురుగ్గా చూసింది. "ముక్కు ముచ్చటెందుకే?"

"గమ్మతుగుంటది, రాయనీ," అంది చెల్లెలు, వంకాయల మీద మూత పెడుతూ.

రాసుకున్నాను. పేర్లు అడిగాను. అనుభవం ఉంది కాబట్టి భయం భయంగానే అడిగాను, ఎవరి పేరు ముందు పెట్టమంటారని.

"దాని పేరే ముందెయ్యి," అంది అక్క వెంటనే.

"వద్దు వద్దు, అక్కది ముందు," అంది చెల్లెలు.

మొగుళ్ళ గోల చూసివచ్చిన నాకు కళ్ళు చెమర్చబోయాయి. ఆ అవకాశం ఎక్కువసేపు ఇవ్వలేదు వాళ్ళు.

"నాదెందుకే? ఉప్పెక్కువైననాడు ముందున్న పేరునే తిడ్తరు జనం. నువ్వే పడు తిట్లు," అంది అక్క.

"ఉప్పేసేది నువ్వాయె, తిట్లు నాకా?"

ఇద్దరూ గరిటెలు పట్టుకుని నిజంగానే పోట్లాడుకున్నారు, వెనక్కి పోవడానికి. చివరికి పేర్లే వద్దని, 'అక్కాచెల్లెళ్ళు' అని ఒక్క మాట రాస్తే సరిపోతుందని తేల్చారు. ఆ తిట్లేవో ఇద్దరికీ కలిపి తగులుతాయట.

ఇంటికి వచ్చి కూర్చుని కొత్త పేజీ కట్టాను. మాటలన్నీ ఆ ఇద్దరివే. బగారా అన్నం ఎలా దమ్ము చేస్తారో, గుత్తివంకాయలో నువ్వులు ఎంతసేపు వేయిస్తారో, ఆంధ్రా ఇళ్ళ వాళ్ళు అడిగితే పులిహోర ఎలా కలుపుతారో, మేడ్చల్, శామీర్‌పేట, దుండిగల్ వైపు ఎక్కడికైనా వస్తామనీ. చివర ఒక్క వాక్యం మాత్రం ఎవరూ చెప్పకుండా నేనే కలిపాను: 'ఇద్దరూ కలిసే వండుతారు. విడివిడిగా వండరు.'

ఇక యజమానులు. వాళ్ళ ఫోటోల కోసం ఒక చిన్న కిటుకు చేశాను. పేజీ తెరిచినప్పుడల్లా చీటీలు తీసినట్టు ఒకసారి ఈయన ముందు వస్తాడు, ఒకసారి ఆయన ముందు వస్తాడు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు. ఆ ఫోటోలూ పేర్లూ ఉన్న భాగం వరకు, వెతికే యంత్రం చదవకుండా గొళ్ళెం పెట్టేశాను. మనుషులకు వాళ్ళిద్దరూ కనిపిస్తారు. యంత్రానికి అసలు లేరు. దానికి ముందెవరో వెనకెవరో తేల్చే పని నేను మానుకున్నాను, అంతే. ఈ గొళ్ళెం సంగతి వాళ్ళతో చెప్పలేదు.

వాళ్ళు అడగలేదు కూడా. ఫోనులో తెరిచి చూసుకోవడంలోనే మునిగిపోయారు. చిన్నాయన తన ఫోటో ముందు వచ్చినప్పుడల్లా బజారులో కనిపించినవాళ్ళకల్లా చూపించేవాడట. పెద్దాయనది ముందు వస్తే, "నెట్టు సక్కగ లేదు" అని మూసి మళ్ళీ తెరిచేవాడట. పెద్దాయనా అదే పని. అయినా ఇద్దరికీ మాటలు లేవు. షట్టర్ మాట కూడా అలాగే ఉంది. చిన్నాయన దానికి బోర్డు మీద ఏ రంగు వేయిస్తే బాగుంటుందని నన్ను ఒకసారి అడిగాడు. నాకు రంగులు తెలియవని చెప్పాను.

కొత్త పేజీని యంత్రం చదువుకోవడానికి కొంత సమయం పట్టింది. శ్రావణం ముందర ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి రెండుగా మొదలై, ఆగకుండా రావడం మొదలైంది. ఫోన్లు ఎత్తేది మగవాళ్ళే. ఎత్తగానే అవతలివాళ్ళ మొదటి ప్రశ్న ఒకటే: "అక్కాచెల్లెళ్ళ వంట ఇదేనా అండీ?"

దుండిగల్ వైపు కొత్త కాలనీ నుంచి ఒకావిడ గృహప్రవేశానికి అడిగితే, చిన్నాయన తన కొత్త వ్యాపారానికి బోణీ చేద్దామనుకున్నాడు. "మా ఇంటామెను పంపిస్త, ఆమె ఒక్కతే జేస్తది, ఫస్ట్ క్లాస్ ఉంటది" అన్నాడట. "ఒక్కరైతే వద్దండీ. ఇద్దరూ కలిసే వండుతారని మీరే రాశారుగా," అని ఆవిడ ఫోన్ పెట్టేసిందట. ఇంకొకరితోనూ అదే ప్రయత్నం చేశాడు. వాళ్ళూ అదే మాట అన్నారు.

దాంతో ఒక పొద్దున ఇద్దరూ మా గేటు ముందు దిగారు. ఒకే బండి మీద వచ్చారు. మాట్లాడుకోకుండా ఒకే బండి మీద ఎలా వచ్చారో, ఎక్కమని ఎవరు ఎవరికి ఎలా చెప్పారో నాకిప్పటికీ అర్థం కాదు.

"మేడం, గా తెల్లది ఒకపారి సూపెట్టున్రి," అన్నాడు చిన్నాయన.

ఇక తప్పలేదు. మీట నొక్కాను. మాటలు పైనుంచి కిందికి పడ్డాయి. చిన్నాయన వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వెళ్ళాడు. అట్టడుగుకు వచ్చాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

"నేను లేను," అన్నాడు.

"లేరండీ," అన్నాను. తిట్టించుకోవడానికి తయారుగానే ఉన్నాను.

ఆయన పెద్దాయన వైపు చూడకుండా, నా వైపే చూస్తూ, "ఆయిన గూడ లేడు గదా?" అన్నాడు.

"ఆయనా లేరు."

"యాడ లేడా?"

"ఎక్కడా లేరండీ."

"గట్లయితె మంచిదే," అని కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖంలో ఎన్నాళ్ళుగానో లేని ప్రశాంతత. పెద్దాయన కూడా తల ఊపాడు. ఇద్దరికీ సమానంగా ఏమీ దక్కకపోవడమే వాళ్ళకు కావాల్సిన న్యాయమని నాకు ముందే తట్టి ఉంటే, ఆ కిటుకు కోసం పడిన శ్రమ తప్పేది.

పెద్దాయన మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. పెదవులు కదుపుతూ చదువుతున్నాడు.

"ముక్కేంది మేడం గీడ? చెల్లె ముక్కు అని రాసిన్రు," అన్నాడు చిన్నాయన.

"అదేదో మాట అందానికి లెండి," అన్నాను కంగారుగా.

"మాట అందం గాదు తమ్మి," అన్నాడు పెద్దాయన. ఇన్ని వారాల తర్వాత ఆయన తోడల్లుడితో నేరుగా అన్న మొదటి మాట అది. "మీ వదినెకు వాసన తెల్వది. నిరుడు జరమొచ్చిన కాన్నుంచి."

చిన్నాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఆ రహస్యం అక్కాచెల్లెళ్ళకు తప్ప ఎవరికీ తెలియదని నేను నమ్ముతూ వచ్చాను.

"నీకెట్ల ఎరుక?"

"ఇంట్ల పాలు మాడుతుంటె పక్కనే నిలవడి బియ్యం ఏరుకుంటుండె. ఇల్లంత వాసన. ఆమెకు తెల్వలే. నేనే పోయి మంట బంద్ జేసిన. నాకు ఎరుకైనట్టు ఎన్నడు అనలే. అంటె సిగ్గుపడి ఇగ పొయ్యి కాడికి పోదు."

"మరి నేను వేరు పడ్త అన్ననాడు ఎందుకు జెప్పకపోతివి అన్నా? గంత మాటున్నంక నేను షట్టర్ సూస్తనా?"

"నువ్వు ఫోటో మీద కొట్లాడ్తుంటివి. నేను గూడ గంతే. మన లొల్లి నడుమ ఆమె ముక్కు తెచ్చి పెట్టాల్నా?"

చిన్నాయన ఫోను తీసి, మా ముందే షట్టర్ ఓనరుకు చేశాడు. "షట్టర్ వద్దన్నా. వేరేటోల్లకియ్యి." అవతల ఆయన ఏదో గట్టిగా అంటున్నాడు, ఇతను వింటున్నాడు. పెట్టేశాక పెద్దాయన లేచి బండి తాళం చిన్నాయన చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు," అన్నాడు. గేటు దగ్గర ఆగి నాతో, "నాకు ఎరుకైందని మీరు ఆమెతోని అనకున్రి మేడం," అన్నాడు. అననని మాట ఇచ్చాను.

శ్రావణం హడావిడి కాస్త తగ్గాక, పేజీలో కొత్త వంటకాలు చేర్చాలనే వంకతో షెడ్డుకు వెళ్ళాను. అసలు వంక భోజనం. చెల్లెలు కూరగాయలకు మార్కెట్‌కు వెళ్ళింది. అక్క నాకు విస్తరాకు వేసి, బగారా వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆ ముందు రోజే ఒకావిడ ఫోన్ చేసి, కూతురి పెళ్ళికి మీ ఇద్దరే రావాలని మారాం చేసిందని చెప్పి మురిసిపోతోంది.

అంతలో పెద్దాయన వచ్చాడు. నాకు నమస్కారం పెట్టి, నేరుగా వెనక గ్యాస్ సిలిండర్ల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కోదాని దగ్గర వంగి, పైపు దగ్గర ముఖం పెట్టి గట్టిగా గాలి పీల్చాడు. ఒకదాని మీట తిప్పి చూశాడు. అటూ ఇటూ నేల మీద ఏదో వెతికినట్టు చూసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"సూసినవా మేడం?" అంది అక్క. "దినాం గిదే పని. షాపు తెరిసే ముందుగాల గీడికొచ్చి గా సిలిండర్ల కాడ దేవులాడ్తడు. ఏం బోయిందయ్యా అంటె సిలిండర్ తిప్పే పానా బోయింది అంటడు. నిరుటి సంది ఎతుకుతుండు. గంత ఎతికేటోడు ఒక కొత్త పానా కొనుక్కోరాదు?"

నాకు మెతుకు గొంతులో అడ్డం పడింది. ఆమె నీళ్ళ గ్లాసు అందించింది. నేను తాగుతున్నంతసేపూ నా ముఖంలోకే చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మా చెల్లె నీకు జెప్పిందంట గదా నా సంగతి. ఆయినకైతె తెల్వది గదా?"

"ఆయనకా?" అన్నాను. "ఏడాది నుంచి పానాయే దొరకట్లేదక్కా ఆయనకు. ఇదేం తెలుస్తుంది?"